పాప నిద్రకు అత్తగారి కాపలా

మా అమ్మాయి తల వెనకవైపు కొంచెం చదునుగా ఉంటుంది. నూనె రాస్తున్నప్పుడు నా అరచేతికి తెలుస్తుంది తప్ప చూసేవాళ్లకు తెలియదు. అయినా చుట్టాల్లో ఎవరో ఒక పెద్దావిడ పట్టేస్తుంది. "చిన్నప్పుడు తల సరిగ్గా తిప్పలేదా?" అని అడుగుతుంది. మా అత్తగారు వెంటనే నా వైపు చెయ్యి చూపిస్తారు. "నన్ను అడగొద్దప్పా. ఈయమ్మా, ఆ డాక్టరమ్మా ఇద్దరూ కలిసి చేసిండేది. నేను ఆవాల దిండు కుట్టి పెట్టింటి" అంటారు. ఆ మాటలో ఫిర్యాదు సగం, గొప్ప సగం. తల ఎలా ఉంటేనేం, పిల్ల దక్కింది కదా అన్న గొప్ప అది.

నాది తెనాలి. మా ఆయనది కన్నడసీమలోని ఆనేకల్. వాళ్లది ఎన్నో తరాల కిందట అక్కడికి వచ్చి స్థిరపడిన నేతవాళ్ల కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ పెళ్లిచూపులకు వచ్చిన రోజు అత్తగారు నన్ను ఎగాదిగా చూసి "పాప సన్నగా ఉండాది, సరిగా ఊట చేస్తాదో లేదో" అనేసరికి మా నాన్న ఇదేం భాష అన్నట్టు నా మొహంలోకి చూశాడు. ఊట అంటే వాళ్ల మాటలో భోజనం. తర్వాత తర్వాత ఆ భాష నాకు ఎంత అలవాటైపోయిందంటే, తెనాలి వెళ్లినప్పుడు నన్నే జనం అలా చూడటం మొదలుపెట్టారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేము సర్జాపుర రోడ్డులో ఫ్లాటు తీసుకున్నాం. చుట్టూ సగం కట్టిన భవనాలు, సిమెంటు దుమ్ము. మా బాల్కనీలో ఆరేసిన బట్టలు ఉతకకముందుకంటే ఉతికాకే మురికిగా ఉండేవి. నాకు బెళ్ళందూరులో ఉద్యోగం. తొలికాన్పు పుట్టింట్లో జరగాలంటారు గానీ, నాకు అమ్మ లేదు. నేను కాలేజీలో ఉండగానే పోయింది. ఆ దిగులు నేను బయటికి చెప్పకపోయినా అత్తగారు పసిగట్టేశారు. "అమ్మ లేకుంటే ఏమి, నేను లేనా? తొమ్మిదో నెల పడతానే వస్తా" అన్నారు. తొమ్మిదో నెల దాకా మా పిల్ల ఆగలేదు. ఎనిమిదో నెల మొదట్లోనే, ఆఫీసులో నేను ఎవరికో ఏదో గట్టిగా వివరిస్తుండగా, ఉమ్మనీరు పోయింది. ఆఫీసు కారులో ఆసుపత్రికి చేర్చారు. దారి పొడుగునా డ్రైవరు నాకంటే ఎక్కువ చెమటలు కక్కాడు.

పుట్టిన పిల్లను నా చేతికి ఇవ్వలేదు. అద్దాల పెట్టెలో పెట్టారు. బోర్లా పడుకోబెట్టి, కాళ్లు కప్పలా ముడిచి, ఛాతీకీ పాదానికీ తీగలు అంటించారు. పక్కన మిషను. దాని తెర మీద పచ్చటి గీత ఎగుడుదిగుడుగా పోతూ ఉండేది. ఊపిరి కాస్త ఆలస్యమైతే మిషను గంట కొట్టేది, నర్సు వచ్చి పాదం మీద వేలితో తట్టేది. పిల్ల ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి తీసుకునేది. ఊపిరి తీసుకోవడం కూడా ఎవరో గుర్తుచేయాల్సి వస్తుందని నాకు అంతవరకు తెలియదు.

అత్తగారు ఆనేకల్ బస్సు దిగి, చేతిలో సంచీతో తిన్నగా ఆసుపత్రికే వచ్చారు. సంచీలో మెత్తబడిన పాత నూలు చీరలు, సాంబ్రాణి, వసకొమ్ము, తల గుండ్రంగా రావడానికి ఆవాలు పోసి కుట్టిన చిన్న దిండు. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు పిల్లను చూశారు. ఎనిమిదో నెల బిడ్డ నిలవదని మనవాళ్లలో ఒక నమ్మకం. అది ఆవిడ నోట వస్తుందేమోనని నేను భయపడుతూ కూర్చున్నాను. అత్తగారు ఆ మాట అనలేదు. "బోర్లా పండబెట్టిండారు, మంచిదే" అని మాత్రం అని నా పక్కన కూర్చున్నారు.

పిల్ల కాస్త ఒళ్లు చేసి, తనంతట తాను పాలు తాగడం నేర్చుకున్నాక ఇంటికి పంపించారు. ఆ రోజు డాక్టరమ్మ మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. ఆవిడది హాసన్ వైపు. అత్తగారితో కన్నడంలో, మాతో ఇంగ్లీషులో మాట్లాడేది.

"ఇంటికి వెళ్లాక వెల్లకిలానే పడుకోబెట్టండి. పగలైనా రాత్రయినా, చిన్న కునుకైనా సరే" అంది.

అత్తగారు ఊరుకోలేదు. "ఇన్ని దినాలు మీరే కదా బోర్లా పండబెట్టిండేది?" అన్నారు, కోర్టులో ప్లీడరు అడిగినట్టు.

"నిజమే. ఇంత చిన్న పిల్లలకు బోర్లా ఉంటే ఊపిరి తీసుకోవడం సులువు. కానీ ఇక్కడ మిషను కన్నార్పకుండా చూస్తోంది. ఊపిరి ఆగితే గంట కొడుతుంది. మీ ఇంట్లో గంట కొట్టేది ఎవరు?"

"నేనుండా కదా" అన్నారు అత్తగారు. డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. అత్తగారు నవ్వలేదు.

తర్వాత డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. బాగా ఉన్న పసిపిల్లలు కూడా ఒక్కోసారి నిద్రలోనే పోతారట. జ్వరం ఉండదు, దగ్గు ఉండదు. పాలు తాగి పడుకున్న పిల్ల మళ్లీ లేవదు. ఇంగ్లీషులో దానికో పొడుగాటి పేరు ఉంది, పొట్టిగా సిడ్స్ అంటారు. ఎందుకు జరుగుతుందో ఎవరికీ పూర్తిగా తెలియదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు ఆ ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ. "నెలలు నిండిన పిల్లకు ఊపిరి అందకపోతే మేలుకుని కేరుమంటుంది. ఈ బుజ్జిదానికి మెదడులో ఆ భాగం ఇంకా పక్వానికి రాలేదు. మేలుకోవడం మరిచిపోవచ్చు. భయపెట్టాలని చెప్పడం లేదు. ఇది అరుదు. కానీ మన చేతుల్లో ఉన్న జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, అవి మాత్రం తప్పకండి" అంది. గట్టి పరుపు. దిండు వద్దు, బొంత వద్దు, పక్కన మెత్తటి బొమ్మలు వద్దు. మీ గదిలోనే, కానీ మీ మంచం మీద కాదు. ఒళ్లు ఉడికిపోయేలా స్వెట్టర్లు వేయొద్దు. పొగ అసలే వద్దు. ఆ చివరి మాట అంటూ మా ఆయన చొక్కా జేబు వైపు చూసింది. సిగరెట్టు పెట్టె పైకి కనబడుతోంది. ఆయన దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అన్నీ అయ్యాక అత్తగారు ఒక ప్రశ్న అడిగారు. "ఏమీ లేకుండానే పోతారా? తల్లి ఏమీ చేయకున్యా?"

"ఏమీ చేయకపోయినా" అంది డాక్టరమ్మ.

అత్తగారు ఒళ్లో ఉన్న తువాలును మడిచారు. అది అప్పటికే మడిచి ఉంది. విప్పి మళ్లీ మడిచారు. అన్ని రోజులు ఆసుపత్రి కుర్చీల్లో గడిపారు కదా, అలసిపోయారనుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆవిడతో ఆవాల దిండు గురించి పెద్ద యుద్ధం జరుగుతుందని నేను నడుం బిగించుకుని ఉన్నాను. యుద్ధం జరగలేదు. దిండు బీరువా మీదికి వెళ్లిపోయింది. సాంబ్రాణి పొట్లం విప్పలేదు. పిల్లకు కటకటాలున్న చిన్న మంచం కొన్నాం. అత్తగారు దాన్ని 'జైలు మంచం' అని పేరు పెట్టి తిట్టారు గానీ, దాని మీద దుప్పటి ముడత కూడా లేకుండా రోజూ ఆవిడే లాగి పరిచేవారు. మా ఆయన ఆఫీసు నుంచి వస్తే గుమ్మంలోనే చొక్కా విప్పించి, నోరు పుక్కిలించి, స్నానం చేశాకే పిల్ల దగ్గరికి రానిచ్చేవారు. కొన్నాళ్లకు ఆయనకు సిగరెట్టు కంటే స్నానాల బాధ ఎక్కువైపోయి మానేశాడు. ఎన్నేళ్లుగా నేను బతిమాలినా జరగనిది చన్నీళ్లతో జరిగింది.

తిండి దగ్గర మాత్రం ఆవిడ ఎవరి మాటా వినలేదు. బాలింతను ఆనేకల్‌లో బాణంతి అంటారు. బాణంతి తినాల్సినవి వెల్లుల్లి కారం, నెయ్యి, వేడి అన్నం, సబ్బసిగె అని వాళ్లు పిలిచే సోయికూర. సబ్బసిగె వాసన నాకు మందుల షాపులోకి అడుగుపెట్టినట్టు ఉండేది. వంకాయ లేదు, బంగాళాదుంప లేదు, పెరుగు లేదు, పండు అన్న మాటే లేదు. "అత్తయ్యా, డాక్టరమ్మ అన్నీ తినమంది కదా" అని గొణిగేదాన్ని. "పాప విషయానికి డాక్టరమ్మ. నీ నోటి విషయానికి నేను" అనేవారు. నాకు ముక్కు మీద కోపం. అయినా ఆకలి ముందు కోపం ఏపాటిది, తినేసేదాన్ని.

ఇక మధ్యాహ్నాలు. పిల్ల నిద్రపోయిందంటే చాలు, అత్తగారు జైలు మంచం పక్కన చాప వేసుకుని కూర్చునేవారు. నడుం వాల్చేవారు కాదు. గోడకు ఆనుకునేవారు కూడా కాదు. కనీసం చేతిలో ఏదైనా పని పెట్టుకోండి, పొద్దుపోతుంది, బియ్యంలో రాళ్లు ఏరండి అన్నాను ఒకసారి. "చేతిలో పని ఉంటే కండ్లు దాని మీదికి పోతాయి" అన్నారు. నేను పిల్ల పక్కనే ఉన్నా ఆవిడ అక్కడి నుంచి కదిలేవారు కాదు. నా మీద నమ్మకం లేదని ఉడుక్కునేదాన్ని. మా ఆయనా నేనూ చాటుగా ఆవిడను మిషను అని పిలుచుకునేవాళ్లం. "మిషను పడుకుందా?" అని ఆయన ఫోనులో అడిగితే "ఆ మిషనుకు కరెంటు కోత లేదు" అనేదాన్ని.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నానని. నెలలు నిండని పిల్లల ఊపిరి ఒక దారిన నడవదు. గబగబా నాలుగు తీసుకుని, ఇక చాలన్నట్టు కాసేపు ఆపేసి, మళ్లీ మొదలుపెడతారు. ఆ కాసేపు ఆపడం మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. చెప్పడం తేలిక. ఆ చిన్న పొట్ట కదలకుండా ఆగిన ప్రతిసారీ అత్తగారు ఆ పక్కన, నేను ఈ పక్కన ఊపిరి బిగబట్టుకుని చూసేవాళ్లం. ఒక్కోసారి ఉండబట్టలేక పాదం గిల్లేవాళ్లం. పిల్ల కెవ్వుమని లేచేది. ఆ ఏడుపు వినగానే మా ఇద్దరి మొహాలూ వెలిగిపోయేవి. "దీన్ని నిద్రపుచ్చేది ఒకరు, లేపడానికి ఇద్దరు" అని మా ఆయన తల పట్టుకునేవాడు.

ఎండలు ముదిరాయి. మా వీధి చివర బండ్ల మీద పనసపండ్లు కోసి అమ్మడం మొదలైంది. పక్క ఫ్లాటు ఆవిడ ఒక మధ్యాహ్నం గిన్నె నిండా తొనలు పట్టుకొచ్చి ఇచ్చింది. పసుపుపచ్చటి తొనలు, ఇల్లంతా వాసన. అత్తగారు పిల్ల దగ్గర కాపలాలో ఉన్నారు కదా అని నేను వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి ఒక తొన నోట్లో పెట్టుకున్నాను. ఎన్నాళ్లయిందో పండు రుచి చూసి. రెండోది తీస్తుండగా తలుపు తెరుచుకుంది. పిల్ల లేచింది, వేడినీళ్ల కోసం వచ్చారు అత్తగారు.

ఆవిడ నా చేతి మీద ఫెడీమని కొట్టారు. గిన్నె కిందపడింది, తొనలు నేలంతా దొర్లాయి. పెళ్లయినప్పటి నుంచీ ఆవిడ నన్ను కసిరింది కూడా లేదు.

"ఇది ఇల్లా, జైలా? పండు తింటే ఏం కొంప మునిగింది? నేను ఈ ఇంట్లో మనిషినా కాదా?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. అత్తగారు నేల మీద కూర్చుని ఒక్కో తొనా ఏరి గిన్నెలో వేస్తున్నారు. కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం లేదు.

నేను వెళ్లి పిల్లను ఎత్తుకొచ్చి ఆవిడ ఎదురుగా కింద కూర్చున్నాను.

"నీ మొగునికి ముందర నాకొక మొగబిడ్డ ఉండె" అన్నారు అత్తగారు. "నీకి ఎవురూ చెప్పిండరు. వాడూ ఎనిమిదో నెల్లో పుట్టినోడే. ఈ పాప మాదిరే ఇంత. మాకు అద్దాల పెట్టె యాడిది, దూదిలో చుట్టుకొని సాకితిమి. దక్కినాడు అనుకుంటిమి. మొగం చూసి నవ్వేకి కూడా మొదులుపెట్టె."

పిల్ల ఆవిడ గొంతు విని తల అటు తిప్పింది.

"ఒక దినం మధ్యాన్నం పాలిచ్చి బోర్లా పండబెడితి. పక్కనే కూసోని మగ్గానికి కండెలు చుట్టుకుంటా ఉంటి. నూలు అయిపోయినాక తిరిగి చూస్తే బిడ్డ లేడు. ఏడ్చలేదు. దగ్గలేదు. చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉంటినప్పా నేను."

తొనల గిన్నెను పక్కకు జరిపారు. "అప్పుడు మా అత్త అడిగె, నిన్న ఏం తింటివి అని. ముందటి దినం ఎవురో పనసపండు కోస్తే రెండు తొనలు తినింటి. ఆశపడి తినింటి. ఉండేది చెప్తి. అంతే. పనసపండు తిని, పాలు చెడుపుకొని, బిడ్డను చంపుకున్యాది అనిరి. ఇంట్లో అనిరి, వీధిలో అనిరి. నేనూ అట్లనే అనుకుంటి."

"మామయ్యగారు?" అని అడిగాను. ఆయన మా పెళ్లికి ముందే పోయారు.

"ఏమీ అనలేదు. సుమ్మనే ఉండె. అదే జాస్తి నొప్పి" అన్నారు.

నాకు ఆవిడ మీద జాలి కంటే ముందు ఒళ్లు మండే కోపం వచ్చింది. ఎవరి మీద చూపించను? ఆ పెద్దత్తగారు ఆనేకల్ ఇంటి గోడ మీద, పటంలో, గంధం బొట్టుతో ప్రశాంతంగా ఉన్నారు. పండగ పండగకూ ఆ పటం తుడిచి దండ వేసేది మా అత్తగారే. వెల్లుల్లి కారం, సబ్బసిగె, పనిలేని చేతులతో ఆ కాపలా, అన్నీ నాకు అప్పుడు అర్థమయ్యాయి. నా నోటికి కట్టిన తాళం నా మీద పెత్తనం కాదు. నేను కూడా రెండు తొనలు తిని ఆవిడలా అయిపోతానేమోనన్న భయం. నేను ఆవిడను పట్టుకుని ఏడ్చాను. మధ్యలో నలిగిపోయి పిల్ల కూడా అందుకుంది. కాసేపు ముగ్గురం ఏ మొహమాటం లేకుండా ఏడ్చాం.

పిల్లకు టీకా వేయించాల్సిన రోజు వచ్చింది. అత్తగారు వద్దని నా చెయ్యి గిల్లుతున్నా వినకుండా డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. ఆవిడ లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అత్తగారి పక్క కుర్చీలో కూర్చుంది.

"పనసపండుకూ దానికీ ఏ సంబంధమూ లేదు" అంది. "తల్లి పనసపండు తింటే బిడ్డ చనిపోదు. మాది పనసచెట్లకు పేరుపడ్డ మలెనాడు పక్కనే కదా, నా పిల్లలకు పాలిచ్చే రోజుల్లో నేను గిన్నెలు గిన్నెలు తిన్నాను."

"మరి ఏంటికి పోయినాడు?"

"తెలియదమ్మా. నెలలు నిండకుండా పుట్టాడు కాబట్టి నేను చెప్పిన ఆ సిడ్స్ అయి ఉండొచ్చు. మరొకటి అయి ఉండొచ్చు. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

అత్తగారు గొంతు తగ్గించి అన్నారు. "బోర్లా పండబెట్టింది నేనే కదా."

ఆ ప్రశ్నకు డాక్టరమ్మ ఏదో ఒక అబద్ధం చెప్పేస్తే బాగుండునని నేను లోపల మొక్కుకున్నాను. ఆవిడ చెప్పలేదు. "బోర్లా పడుకుంటే ప్రమాదం ఎక్కువని మాకు ఇప్పుడు తెలుసు. అప్పట్లో డాక్టర్లకే తెలియదు. బోర్లానే పడుకోబెట్టమని చెప్పిన డాక్టర్లు కూడా ఉన్నారు. లోకంలో ఎవరికీ తెలియనిది ఆనేకల్‌లో మగ్గం పక్కన కూర్చున్న చిన్న వయసు అమ్మాయికి ఎలా తెలుస్తుంది? మీరు పాలిచ్చారు, పడుకోబెట్టారు, పక్కనే ఉన్నారు. తల్లి చేసేది అదే" అంది. తర్వాత అత్తగారి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. బయట పిల్లలతో తల్లులు వరుసలో ఉన్నారు. అయినా తొందరపడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పిల్లను అత్తగారే ఒళ్లో పెట్టుకున్నారు. సర్జాపుర రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా పిల్ల తలకు చెయ్యి అడ్డం పెడుతూ కూర్చున్నారు. ఇల్లు దగ్గర పడుతుండగా అన్నారు.

"తెలీదంట. ఇంత చదివిన డాక్టరమ్మకే తెలీదంట. మా అత్తకు ఎట్ల తెలిసె?"

నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. "ఇన్నేండ్లలో ఈ మాట అడగాలని నాకు తోచనేలేదు చూడు" అన్నారు. ఆ గొంతులో మొట్టమొదటిసారి కోపం విన్నాను. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కోపం ఒంటికి ఎంత మంచిదో నాకు అనుభవం.

నా పథ్యం ఆ పూటతో సరి. అరటిపండు వచ్చింది, పెరుగు వచ్చింది, ఒకరోజు నేను అడక్కుండానే వంకాయ కూర కూడా వచ్చింది. కాపలా మాత్రం పోలేదు. మనసుకు తెలిసినంత తొందరగా ఒంటికి తెలియదు కాబోలు. పిల్ల కన్ను మూయగానే చాప పరుచుకోవడం, నిటారుగా కూర్చోవడం మామూలే. "అత్తయ్యా, కాసేపు పడుకోండి, నేను చూస్తాను" అంటే "నీకు తెలీదమ్మా, నువ్వు ఊరికే ఉండు" అనేవారు. నాకు ఉడుకుమోత్తనం పోయింది గానీ, ఆవిడ నడుం చూస్తే దిగులు వేసేది. పిల్ల ఈ గండం దాటుతుందని నాకు రోజురోజుకూ నమ్మకం పెరుగుతోంది. ఆవిడ ఎప్పటికి దాటుతారో తెలియడం లేదు.

వానలు పట్టాక ఒకనాడు పిల్ల తనంతట తాను బోర్లా పడింది. మన ఇళ్లలో బిడ్డ బోర్లా పడితే పండగే, బొబ్బట్లు చేసి వాడంతా పంచుతారు. నేనైతే కెవ్వుమని అరిచి దాన్ని వెల్లకిలా తిప్పేశాను. అది నా మొహంలోకి చూసి, బోసినోటితో నవ్వి, మళ్లీ బోర్లా పడింది. నేను మళ్లీ తిప్పాను. అది మళ్లీ పడింది. ఆట అనుకుంది. అత్తగారు డాక్టరమ్మకు ఫోను చేయమన్నారు. "పడుకోబెట్టడం ఎప్పుడూ వెల్లకిలానే. కానీ అటూ ఇటూ తనే తిరగగలిగినప్పుడు వెంటపడి తిప్పక్కర్లేదు. తల ఎత్తగలదు, మేలుకోగలదు. ప్రమాదం తగ్గుతూ వస్తోంది" అంది ఆవిడ.

"మనం ఏ పని జరగకూడదని కూసున్యామో దానికే ఓళిగలు చేయాల్నా?" అన్నారు అత్తగారు. ఆనేకల్‌లో బొబ్బట్లను ఓళిగలంటారు. చేశారు మరి. పిల్లను వంటింటి గుమ్మంలో నా ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, పెనం మీద ఒక కన్ను, దాని మీద ఒక కన్ను వేసి కాల్చారు. సగం మాడాయి. మాడినవి మేము తిని, బాగున్నవి ఇరుగుపొరుగుకు పంచాం. పక్క ఫ్లాటు ఆవిడకు రెండు ఎక్కువ ఇచ్చి రమ్మన్నారు, ఎందుకో చెప్పకుండా.

నేను మళ్లీ ఉద్యోగంలో చేరాను. మొదట్లో ఆఫీసు నుంచి గంటకోసారి ఫోను చేసేదాన్ని. "బాగుండాది. ఊపిరి తీసుకుంటాండాది. నువ్వు పని చేసుకో" అని పెట్టేసేవారు అత్తగారు. పిల్ల మొదటి పుట్టినరోజు దగ్గర పడుతోంది. అలాంటి రోజుల్లో ఒకసారి ఊళ్లో ఏదో గొడవ జరుగుతుందని మధ్యాహ్నానికే ఆఫీసు మూసేశారు. బస్సులు లేవు. బెళ్ళందూరు నుంచి కొంత నడిచి, కొంత ఎవరి స్కూటరు వెనకాలో కూర్చుని ఇల్లు చేరాను.

నా తాళంతో తలుపు తీశాను. మామూలుగా ఆ చప్పుడుకే లోపలి నుంచి "వస్తివా" అన్న మాట వినపడుతుంది. ఆ రోజు వినపడలేదు. ఇల్లంతా నిశ్శబ్దం. చెప్పులు విప్పకుండానే లోపలికి పరుగెత్తాను.

పిల్ల జైలు మంచంలో ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది. వీపు పైకీ కిందికీ కదులుతోంది. పక్కన చాప మీద అత్తగారు. కూర్చుని లేరు. కొంగు మడిచి తల కింద పెట్టుకుని, కాళ్లు బార్లా చాపుకుని, నోరు తెరుచుకుని పడి ఉన్నారు. ఆవిడను పగటిపూట అలా నేను ఎప్పుడూ చూడలేదు. పిల్లను వదిలేసి ఆవిడ మీదికి వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చటి ఊపిరి తగిలింది. ఆ వెంటనే గురక.

నా నీడ పడిందో ఏమో, కళ్లు సగం తెరిచారు.

"పాప?" అన్నారు.

"నిద్రపోతోంది అత్తయ్యా."

దిగ్గున లేచి కూర్చుంటారనుకున్నాను. లేవలేదు. మంచం వైపు చూడను కూడా లేదు.

"పోనీలే, నిద్రపోనీ" అన్నారు. గోడవైపు తిరిగి మళ్లీ కళ్లు మూసుకున్నారు.

కాసేపటికి గురక అందుకుంది. నేను భుజాన ఉన్న ఆఫీసు బ్యాగు కూడా తీయకుండా అక్కడే నేల మీద కూర్చుని, ఇద్దరిలో ఎవరూ లేవకుండా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చాను.